దువ్వే ముందు అడిగే అక్క

పోయిన బుధవారం పొద్దున మా హెయిర్ డ్రెసర్ అక్క కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పోయిందక్కా. జర జల్దీ రా" అంది. ఫిల్మ్ నగర్‌లో షూటింగ్‌కి బయలుదేరుతున్నదాన్ని, దువ్వెనల పెట్టెతోనే రహమత్ నగర్ ఆటో ఎక్కాను.

అక్క ముప్పై ఏళ్లు సినిమావాళ్లకు జడలు వేసింది. తన జుట్టు మాత్రం రబ్బరు బ్యాండుతో ముడేసుకునేది. అదీ మధ్యాహ్నానికల్లా జారిపోయేది.

ఆవిడ్ని మొదట చూసింది ఆడపిల్లల హోంలో. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. వేషం ఇప్పిస్తానన్న మనిషిని నమ్మి గోదావరి వైపు నుంచి వచ్చాను. వాడు నా ఫోనూ ఆధార్ కార్డూ లాక్కుని, జూబ్లీ హిల్స్‌లో ఒక ఇంట్లో పెట్టి నన్ను అమ్ముకున్నాడు. పక్కింటి డ్రైవర్‌కి అనుమానం వచ్చి పోలీసులకు చెప్పబట్టి బయటపడి, ఆ హోంకి చేరాను. ఆ తరవాత ఎవరైనా వెనక నుంచి వస్తే చాలు, ఒళ్లు బిగుసుకుపోయేది.

అక్క ఆదివారాలు హోంకి పని నేర్పడానికి వచ్చేది. ఎదురుగా నిలబడి, దువ్వెన చూపించి, "దువ్వాల్నా బిడ్డా?" అని అడిగేది. నేను వద్దన్నాను.

"వద్దంటే వద్దు. చాయ్ తాగుదామా?" అంది.

మూడు ఆదివారాలు అదే ప్రశ్న, అదే చాయ్. నాలుగోసారి తల ఊపాను. అక్క ఒప్పుకోలేదు.

"నోటితోని చెప్పు బిడ్డా. చప్పుడు జెయ్యకుంటే ఒప్పుకున్నట్టు గాదు."

"దువ్వండక్కా" అన్నాను. ఎన్ని నెలలకో నా ఒంటి గురించి నేనే చెప్పుకున్న మాట. ఏడుపొచ్చేసింది. అక్క చెయ్యి ఆపి, "ఆపాల్నా?" అని మళ్లీ అడిగింది. వద్దు, దువ్వమన్నాను.

తరవాత నన్ను అసిస్టెంటుగా పెట్టుకుంది. మేనేజర్ "షాట్ రెడీ" అని అరుస్తున్నా సరే, హీరోయిన్‌ని అడక్కుండా తల ముట్టేది కాదు. వేషాల కోసం కొత్తగా వచ్చే పిల్లలకు మాత్రం అడగకపోయినా చెప్పేది: "ఫోను గుంజుకునేటోడు పనిచ్చేటోడు గాదు. నాకు చెప్పు, లేకుంటే పోలీసులకు చెప్పు. తప్పు నీది గాదు." ఆ మాట విని ఇద్దరు పిల్లలు ఆవిడ చెయ్యి పట్టుకుని హోంకి రావడం నేను చూశాను. నా చేతిలో పనున్నా, నోట్లో 'వద్దు' అనే మాటున్నా అక్క చలవే. ఆ మాట ఆవిడ ఎదురుగా నేనెన్నడూ చెప్పలేదు, చెబితే తిట్టేది.

పోయిన నెల ఆసుపత్రిలో ఉన్నప్పుడు అక్క అంది: "నేను పోయినంక నా తల నువ్వే దువ్వు. గప్పుడు చెప్పనీకి నాకు నోరుండదు గద, గిప్పుడే చెప్తున్న. దువ్వు."

"అవేం మాటలక్కా" అని కసిరాను.

బుధవారం ఆవిడ తల దగ్గర కూర్చుని పెట్టె తెరిచాను. లేచి ఎదురుగా వెళ్లాను. దువ్వెన చూపించాను.

"దువ్వమంటారా అక్కా?"

చుట్టాలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. తరవాత ఆ రబ్బరు బ్యాండు మెల్లగా తీశాను.