అనిపా అపా తెల్లపాగా

మా పట్నంలో పుట్టినవారిలో మూడొంతుల మంది అనిపా ఉతికిన దుప్పటి మీదే తొలి ఏడుపు ఏడ్చారు. ప్రసూతి ఆసుపత్రిలో ముప్పై రెండేళ్లు ఆమె బట్టలుతికింది. అందుకే ఊరంతా ఆమెను తల్లిలా ‘అపా’ అని పిలుస్తుంది. తెలుపు అంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా, మసీదులో కూర్చుని ఏళ్ల తరబడి గ్రంథాలు తిరగేసిన నాకు తెలియదు.

పని మానుకున్నాక ఆమె పెట్టె అడుగు నుంచి తల్లి ఎలెచెక్‌ను తీసింది. పెళ్లయిన మా కిర్గిజ్ స్త్రీలు తలకు చుట్టుకునే తెల్లని పాగా అది. పూర్వం మందలతో కొండలు దాటే దారిలో ఇల్లాలు కన్నుమూస్తే, ఆ వస్త్రమే ఆమెకు కఫన్. మా అవ్వలు తమ అంతిమవస్త్రాన్ని జీవితాంతం శిరస్సున మోశారు.

నడిచలికాలంలో ఒక ఉదయం ఆమె దాన్ని ఉతికి ఆరవేసింది. మధ్యాహ్నానికి బూడిదరంగుకు తిరిగింది. ఆసుపత్రి బొగ్గు బాయిలరు మసి. మళ్లీ ఉతికింది, మళ్లీ మసి. మూడోసారి ఉతకలేదు. మడిచి చంకన పెట్టుకుని పట్టణ సభకు బయలుదేరింది. అరిగిపోయిన ఆ బాయిలరు స్థానంలో మరో బొగ్గు బాయిలరా, నది నీటితో పుట్టే కరెంటుతో నడిచే యంత్రమా అన్నది అక్కడ చర్చకు రానుంది.

“రా, మౌల్వీ,” అంది దారిలో నన్ను చూసి. “మాట్లాడేది నేనే. నువ్వు ఊరికే గడ్డం నిమురుకుంటూ కూర్చో.”

సభాధ్యక్షుడు కెంజెబెక్ నవ్వాడు. “అపా, ఉతకడానికి ఇక్కడ బట్టలేం లేవు.”

“తెచ్చానులే నాయనా. నువ్వు పుట్టిన దుప్పటి కూడా ఇంత మురికి లేదు.”

ఎలెచెక్‌ను బల్ల పొడవునా, వాళ్ల కాగితాల మీదుగా పరిచింది. నవ్వులు ఆగాయి. అదేమిటో అక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు.

“దీన్ని చుట్టుకుని నేను పైకి పోవాలి. ఈ నలుపెవరిదని పైవాడు అడిగితే ఎవరి పేరు చెప్పను? నీదా, నీ పక్కనున్న ఈయనదా?”

“బొగ్గు ఎప్పట్నించో కాలుస్తున్నాం కదా అపా. కొత్తగా ఏమైంది?”

“కిటికీ తియ్యి.”

తీశాడు. బయట పొగ. ఊరి వెనకాల కొండ కనిపించలేదు.

“అదుగో, అక్కడుండాలి, మంచుపాగా చుట్టుకుని. మా అమ్మ చిన్నప్పుడు ఆ పాగా చెంగు గుర్రాల బయలు దాకా వేలాడేదట. ఇప్పుడు నెత్తిన పిడికెడు. ఈ మసి సబ్బుకు పోతుంది. కంటికి కనపడని పొగ ఇంకోటి ఉందటగా, ఆకాశాన్ని కంబళిలా కప్పి మంచు కరిగిస్తుందట. దాన్ని ఉతికేదెవరు? మంచు పోతే నదేదీ? నది లేకపోతే నీ టీకి నీళ్లేవీ?”

“లోకమంతా కాలుస్తుంటే మన గొట్టం ఎంత?” అని ఒక సభ్యుడు గొణిగాడు.

“లోకానికి నేను ఓటెయ్యలేదు. నీకేశా.”

లేచి, గుడ్డను అక్కడే వదిలేసింది. “ఉతికి నువ్వే తెచ్చివ్వు కెంజెబెక్. తెల్లగా ఉంటేనే పుచ్చుకుంటా.”

అతను తన చేతులతోనే రెండుసార్లు ఉతికాడని వాళ్లావిడ మా ఇంట్లో చెప్పింది. రెండుసార్లూ దండెం మీదే నల్లబడిందట. మూడోవారం సభ బొగ్గు బాయిలరు వద్దని తీర్మానించింది.

మరుసటి చలికాలం ఆసుపత్రి పొగగొట్టం చల్లగా నిలిచింది. ఊళ్లో పొగ కక్కేవి ఇంకా ఉన్నాయి. ఆమె సభకు వెళ్లడం మానలేదు. మంచు కురిసి వెలిసిన ఒక ఉదయం, కెంజెబెక్ ఎలెచెక్‌ను రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి మూలమూలా చూసింది. “అంచు దగ్గర సరిగా జాడించలేదు,” అంటూనే తలకు చుట్టుకుంది.

ఆమె వెనుక, సృష్టికర్త నేలకు మేకులా దిగగొట్టిన ఆ కొండ, శిఖరం నుంచి పాదం దాకా కనిపించింది. నా నోట దైవస్తోత్రం వెలువడింది. ఏ పాగాను చూసి వెలువడిందో నేటికీ చెప్పలేను.