కూత లేని బండి

మొన్న విశాఖలో మా అపార్టుమెంటు కాసేపు ఊగితే, జనమంతా కాళ్ళకు చెప్పులైనా లేకుండా మెట్ల మీద పరుగు తీశారు. నేనూ దిగాను గాని, కింద నిలబడి వాళ్ళ కబుర్లు వింటుంటే మా అన్నయ్య మొదటి భార్య గుర్తొచ్చి మనసంతా చేదైపోయింది.

అరవైల్లో ఖరగ్‌పూర్‌లో, పూరీ గేటు దగ్గర మా క్వార్టరు పట్టాలకు ఎంత దగ్గరంటే, గూడ్సు వెళ్ళినప్పుడల్లా గోడలు అదిరి అలమరలో గిన్నెలు గలగలమనేవి. అమ్మ చెబుతున్న మాట ఆపకుండానే ఓ చెయ్యి చాచి వాటిని పట్టుకునేది, రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చి టీ తాగుతున్న నాన్న నేల మీది గ్లాసు పైకెత్తి, బండి పోయాక మళ్ళీ కింద పెట్టేవారు. రైలుకు జడిసి లేచినవాణ్ణి మావాళ్ళు మనిషిగా లెక్కపెట్టేవారు కాదు.

అలాంటి ఇంటికి బొబ్బిలి దగ్గర పల్లె నుంచి కాపురానికొచ్చిన వదిన, మొదటి బండికే పెరట్లోకి పరుగెత్తింది. ఇక చూడండి, ఆ నవ్వులు! అమ్మ వీధి వీధంతా చెప్పుకుంది, అన్నయ్య స్నేహితుల ముందు ఆ పరుగును నటించి చూపించేవాడు. పాపం, కొన్నాళ్ళకు నలుగురితో నారాయణ అనుకుని, పళ్ళు బిగబట్టి కూర్చోవడం నేర్చుకుంది. కోడలికి బుద్ధొచ్చిందని అమ్మ మురిసిపోయింది.

ఓ సాయంత్రం వదిన బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కాలుస్తోంది. ఇల్లు అదిరింది. అమ్మ అలవాటుగా గిన్నెలు పట్టుకుంది, నాన్న గ్లాసు ఎత్తారు. పక్కింటి బెంగాలీ దీదీ శంఖం ఊదసాగింది. భూమి కంపిస్తే శంఖం ఊదడం వాళ్ళ ఆచారమని మాకు తెలియంది కాదు, అయినా దీపాలు పెట్టే వేళ కదా, సంధ్యపూజ అనుకున్నాం. వదిన మాత్రం సగం లేచింది.

"బండి కూత ఇనపడ్నేదత్తా," అంది బెదురుగా.

"గూడ్సేనమ్మా, కూకో. మళ్ళీ మొదలెట్టినావేటి?" అంది అమ్మ నవ్వుతూనే.

వదిన అమ్మ మొహం చూసి కూర్చుంది. ఆమె కూర్చోవడమూ, పొగగొట్టం ఇటుకలు పెంకుల్ని చీల్చుకుని ఆమె నడుం మీద పడటమూ ఒక్కసారే జరిగాయి. గుమ్మం వైపు ఉన్నాం గనక మేం బతికిపోయాం.

చాలాకాలం ఆసుపత్రిలో ఉన్నాక కాలీడ్చుకుంటూ నడవగలిగింది గాని, నీళ్ళ బిందె ఎత్తలేకపోయింది. నయమయ్యాక తెచ్చుకుంటామని రైల్వే పాసు మీద పుట్టింటికి పంపారు, తెచ్చుకోలేదు. ఏడాది తిరక్కుండా పెద్దల్ని కూర్చోబెట్టి తెగతెంపులు చేసుకుని, అన్నయ్యకు మళ్ళీ పెళ్ళి చేశారు. ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు, ఎందుకు తిట్టకూడదో నాకు అర్థం కాదు.

కొత్త వదిన కూడా మొదటి బండికే పెరట్లోకి పరుగెత్తింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అమ్మే లేచి వెనకాలే వెళ్ళి, భయమేస్తే అక్కడే నిలబడమని బుజ్జగించింది. ఆ తర్వాత వచ్చిన కోడళ్ళెవరినీ ఎవరూ ఆటపట్టించలేదు, ఇప్పటి పిల్లలైతే మనసులో మాట మొహం మీదే అనేస్తారు, సంతోషమే. వాళ్ళకు ఆ మర్యాద సంపాదించిపెట్టిన మనిషి ఎలా ఉండేదో, ఏ ఊరిదో చెప్పగలిగేది మావాళ్ళలో ఇవాళ నేనొక్కదాన్నే. నన్నెవరూ అడగరు.