బీరువా ఉన్న క్యాసెట్టు

మా చర్చి బృందం పాడిన క్రిస్మస్ పాటలు క్యాసెట్టుగా రావాలన్నది అమ్మ పట్టుదల. అమ్మ అరకులోయలో మిషన్ బడి టీచరు, ఆ బృందానికి పెద్ద. తొంభైల చివర్లో ఇంటర్ చదువుతున్న నేను వెనక వరసలో నిలబడి గొంతు కలిపేదాన్ని.

విశాఖపట్నంలో ఒకాయన తన ఇంటి ముందు గదిలోనే రికార్డింగు చేసేవాడు. గోడలకు దుప్పట్లు, కిటికీకి గోనెసంచులు. పక్క గదిలో ఆయన భార్య, ఆవిడ టీవీ. మేం పాడినంతసేపూ ఆవిడ టీవీ కట్టేసి, తలుపు సందులోంచి మావైపు కోపంగా చూస్తూనే ఉంది. ఆఖరి పాట అవగానే బస్సు పోతుందని మేం పరుగెత్తాం. మమ్మల్ని సాగనంపడానికి ఆయనా వీధిలోకి వచ్చాడు. రికార్డరు ఆపాలని ఎవరికీ తోచలేదు.

పది రోజులకు అట్టపెట్టె నిండా కాపీలు వచ్చాయి. ఆయన విని చూసుకోలేదు, మేమూ చివరిదాకా వినకుండానే అమ్మేశాం. రెండో వైపు ఆఖరి పాట తర్వాత కాసేపు నిశ్శబ్దం. ఆపైన పక్క గది టీవీ సీరియల్లో మగగొంతు: “నన్ను నమ్ము. నీ దగ్గర నేనేమీ దాచలేదు.”

వెంటనే ఆ సీరియల్లో అమ్మాయిని హెచ్చరిస్తూ రికార్డింగాయన భార్య గొంతు: “నమ్మకే గుంటా! ఆడు అబద్ధాలకోరు. ఆ బీరువా తియ్యి. బేగి తియ్యే!”

బీరువా తలుపు కిర్రుమంది. “అమ్మ బాబోయ్!” అని ఆవిడ కేక. టక్. అంతే, టేపు అయిపోయింది.

అమ్మకు తల కొట్టేసినట్టయింది. కాపీలు వెనక్కి ఇమ్మని ఇల్లిల్లూ తిరిగింది. ఒక్కరూ ఇవ్వలేదు. టీవీ లేని ఊళ్ళకు కూడా ఆ బీరువా చేరిపోయింది. పాడేరు జీపు డ్రైవరు చర్చి మొహం ఎరగడు, అయినా రోజూ ఆ క్యాసెట్టే వేసేవాడు. దిగాల్సిన చోటు వచ్చినా జనం దిగేవారు కాదట. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు అమ్మను పక్కకు పిలిచారు.

“పాటలు బాగా కుదిరాయి టీచరమ్మా,” అని అటూ ఇటూ చూసి, “ఇంతకీ బీరువాలో ఏముందంట?” అన్నారు.

ఇక లాభం లేదని అమ్మ నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ విశాఖ వెళ్ళింది. తప్పు తనదేనని రికార్డింగాయన ఒప్పుకుని, చివరి ముక్క తీసేసి కొత్త కాపీలు చేస్తానన్నాడు. ఆయన భార్య మాకు టీ తెచ్చింది. అమ్మ గ్లాసు అందుకుంది, తాగలేదు. బడిలో పుస్తకాల తెలుగు తప్ప మాట్లాడని మా అమ్మ, ఉండబట్టలేక, “అమ్మా, ఆ బీరువాలో ఏటుంది?” అంది.

“నాకేటి తెలుసమ్మా!” అందావిడ. “పొయ్యి మీద పాలు పొంగిపోనాయి. అమ్మ బాబోయ్ అని వంటింట్లోకి పరిగెత్తినాను. మర్నాడు సూస్తే ఆ గుంటకి పెళ్ళయిపోనాది. బీరువా ఊసే నేదు.”

రైల్లో అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. టైడా దాటాక ఉన్నట్టుండి, “పాలు!” అని పకపకా నవ్వింది. ఎదుటివాళ్ళు మావైపు వింతగా చూశారు.

అడిగినవాళ్ళందరికీ అమ్మ నిజమే చెప్పింది. ఎవరూ నమ్మలేదు, టీచరమ్మ దాస్తోందనుకున్నారు. కొత్త క్యాసెట్లు సంతలో పెడితే, కొట్లోనే రెండో వైపు చివరిదాకా తిప్పించి విని, పెదవి విరిచి వెళ్ళిపోయేవారు. కాఫీ తోటలో పనిచేసే ఒక ముసలమ్మ మాత్రం వినకుండా కొనుక్కుపోయింది. తర్వాతి సంతకు దాన్ని కొంగులో చుట్టి మా ఇంటికే తెచ్చింది.

“ఇది సగమే ఉంది టీచరమ్మా,” అంది.

అమ్మ లోపలికి వెళ్ళి, మా టేప్ రికార్డరులో ఉన్న పాత క్యాసెట్టు తీసి ఆమె చేతిలో పెట్టింది. నేను కుయ్యోమన్నా వినిపించుకోలేదు.