రెండు మసకల మధ్య మీసం

పోయిన నెల రాయచూరు దగ్గర యరమరస్ దాటాక రోడ్డు పక్కన కొత్తగా కట్టిన కల్యాణ మంటపంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాలకు ఇంకా పిలవలేదు. ఏ పెళ్ళికి వెళ్ళినా నా కాళ్ళు అలవాటుగా పోయే చోటు ఒకటుంది కదా, ఫోటోలు తీసేవాళ్ళ పక్కకు వెళ్ళి నిలబడ్డాను. అక్కడొక పాతికేళ్ళవాడు సంచి తెరిచి, మందుల షాపులో సీసాలు పేర్చినట్టు ఐదు లెన్సులు గుడ్డ మీద వరసగా పేర్చి, నేను పాత స్టూడియోవాణ్ణని ఎవరు చెప్పారో ఏమో, ఈ హాలుకు ఏది బాగుంటుంది అంకుల్ అని మర్యాదగా అడిగాడు. లెన్సుల గురించి అడిగితే నేను ఆగే మనిషిని కాను. కృష్ణ ఇవతలి ఒడ్డున నిలబడి, అవతలి ఒడ్డున మేక నములుతున్న ఆకు ఏ చెట్టుదో ఫోటోలో తెలిసేలా తీశానని చెప్పి, ఆ మాటను సగం బజారు చేత నమ్మించినవాణ్ణి. ఆ రోజు మాత్రం నేను మొదలుపెట్టేలోపే అతను పొడుగాటి లెన్సు ఒకటి కెమెరాకు తగిలించి నా చేతికిచ్చాడు; కంటికి పెట్టుకునేసరికి పీటల వెనకాల దూరంగా ఉగ్రాణం తలుపు, అదే, వంట సామాన్లు పెట్టే గది తలుపు, చేతికందేంత దగ్గరికి వచ్చింది. ఆ తలుపులో పెళ్ళికూతురి తల్లి నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళ పైచిలుకు కిందట ఆమె పెళ్ళికి ఫోటోలు తీసింది మేమే.

మా మేనమామ స్టూడియో రాయచూరు బజారులో ఒక పత్తి కమీషన్ దుకాణం మేడ మీద ఉండేది. థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు లేచి పొగ వదలడం మొదలుపెట్టిన కొత్త రోజులవి. కింది నుంచి పత్తి నూగు, గాలి అటు నుంచి తిరిగితే పైనుంచి బూడిద, రెండూ కలిసి మా లెన్సుల మీదే పెళ్ళి చేసుకునేవి. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. తుడవడం, కడగడం, పెళ్ళిళ్ళలో రెండో కెమెరా పట్టుకోవడం నా పని.

పెళ్ళికి రెండే లెన్సులన్నది మామ సిద్ధాంతం. ఒకటి యాభై మిల్లీమీటర్లది, అది మనిషి కన్ను చూసినట్టు చూస్తుంది. రెండోది ముప్పై అయిదుది, అది చుట్టాలందర్నీ ఒక్క ఫోటోలో ఇరికిస్తుంది, ఎవరూ అలగకుండా. అయితే దానికో దుర్గుణం ఉంది, అంచున నిలబడ్డవాళ్ళు ఉబ్బి వస్తారు. ఒకసారి పెళ్ళికొడుకు మేనత్తలిద్దరు అంచుల్లో పడి, ఆల్బం చూశాక మా మేడ మెట్లెక్కి వచ్చి మామను అడిగిన అడగడం ఆ వీధివాళ్ళెవరూ మరిచిపోలేదు. అప్పటినుంచి సన్నగా ఉన్నవాళ్ళను వెతికి మరీ అంచుల్లో నిలబెట్టేవాడు.

నా మనసు మాత్రం మూడో లెన్సు మీద ఉండేది. మల్లట్‌లో మాకు వరసకు బావ అయ్యే ఒకాయన థర్మల్ కేంద్రంలో కట్టుబడి పనుల ఫోటోలు తీసేవాడు. పొగ గొట్టం కొసన పనిచేసే మనుషులను కింది నుంచి తీయడానికి ఆయన దగ్గర మూరెడు పొడుగు రెండు వందల లెన్సు ఒకటుండేది. బతిమాలి, సెలవు రోజుల్లో తెచ్చుకునేవాణ్ణి. మామ దానికి తోప్ అని, అంటే ఫిరంగి అని, పేరు పెట్టాడు. మేక కథ పుట్టింది ఆ తోప్‌తోనే.

కింది వీధిలో కిరాణా వ్యాపారం చేసే పెద్ద ఉమ్మడి కుటుంబం ఒకటుండేది. ఆ ఇంటి పిల్ల పెళ్ళి కుదిరింది. ఎనిమిదో ఏట తండ్రి పోతే, పెద్దనాన్నే పెంచాడు. మంచివాడే, కానీ ఆ ఇంట్లో గాలి కూడా ఆయన్ను అడిగి వీచేది. పెళ్ళికి పది రోజుల ముందు ఆ పిల్ల పాస్‌పోర్టు ఫోటో అని వంక పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. స్టూలు మీద కూర్చుని, దీపం వెలిగించేలోపు అసలు సంగతి చెప్పింది.

“అన్నా, మా అమ్మ నేను ఒక్క ఫోటోల కావాలె. నాయన వోయినంక మా అమ్మ ఒక్క ఫోటో దిగలే.”

“దాందేముంది, పక్కన నిలవెట్టుకో, తీస్త.”

“ఎవరు నిలవెట్టనిస్తరన్నా? పీటల కాడికి రావొద్దని, ఉగ్రాణంల ఉండుమని పెద్దనాయన ముందే చెప్పిండు. అమ్మ గూడ సరే అన్నది.” నవ్వుతూ అంది: “నదవతల మేక నమిలిన ఆకు తీసినోనివి, ముప్పై అడుగుల దూరంల ఉన్న మా అమ్మను తీయలేవా?”

నా అబద్ధాన్ని అంత పూర్తిగా నమ్మిన మనిషిని నేను అదివరకు చూడలేదు. తీస్తానని చెప్పేశాను.

పెళ్ళికి ముందు రోజు మధ్యాహ్నం తోప్ పట్టుకుని ఆ హాలుకు వెళ్ళాను. వీధి గుమ్మానికి ఎదురుగా పీటలు, వాటి వెనకాల ముప్పై అడుగుల ఖాళీ, ఆ కొసన ఉగ్రాణం తలుపు. పీటల చోట ఒక నెయ్యి డబ్బా, తలుపులో ఒక బకెట్ పెట్టి, గుమ్మం దగ్గరికి వచ్చి చూశాను. లెన్సుల పని చేసినవాళ్ళకు తెలిసిన సంగతే, పొడుగు లెన్సులో దూరాలు ముడుచుకుపోతాయి. యాభైదానిలో ఎక్కడో ఉన్న బకెట్ తోప్‌లో నెయ్యి డబ్బా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డట్టుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి, నమ్మకపోతే మీ ఇష్టం. పెద్దనాన్న మాట పోదు, తల్లి గడప దాటదు, అయినా ఫోటోలో ఇద్దరూ పక్కపక్కనే. తలంబ్రాల వేళ ఒక్క నిమిషం తలుపులోకి వచ్చి నిలబడమని పిల్ల తల్లికి చెప్పుకుంది. తల్లి ఊ అనలేదు, ఊహూ అనలేదు.

మామకు చెబితే తల పట్టుకున్నాడు. “పెండ్లంటే దగ్గరికి వోయి తీసేదిరా అల్లుడా. గుమ్మం కాడ తోప్ వెట్టుకొని కూసుంటే పెండ్లి ఫోటో అంటరా, చోరీ అంటరా?” తిట్టాడే గాని వద్దనలేదు. రంగు రీలు కెమెరా తను తీసుకుని పీటల దగ్గర నిలబడ్డాడు. నలుపు తెలుపు రీలుతో నేను గుమ్మం దగ్గర, కుర్చీల దొంతర మీద కెమెరా ఆనించి కూర్చున్నాను.

జీలకర్ర బెల్లం పెట్టించే వేళకు కరెంటు పోయింది. మన తరం వాళ్ళకు ఇది కొత్త కాదు. కరెంటు మా పక్కనే పుట్టి, మా నెత్తి మీది తీగల్లోంచి బెంగుళూరికి పోయేది, మేము విసనకర్రలు పట్టుకునేవాళ్ళం. హాలంతా మసక కమ్మింది. ఫ్లాష్ అంత దూరం అందదు. లెన్సు కన్ను పూర్తిగా తెరవక తప్పలేదు, అలా తెరిచామంటే ఒక్క మనిషి దూరానికే ఫోకస్ కుదురుతుంది, ఆ ముందూ వెనకా అంతా మసకే. అంటే తల్లి గాని, కూతురు గాని. ముందు రోజు ఎండ వెలుతురులో డబ్బాను, బకెట్‌ను చూసి మురిసిన నేను ఈ సంగతే ఆలోచించలేదు. ఇంకో సంగతి కూడా ఆలోచించలేదు. కన్యాదానం కాగానే పెద్దనాన్న ఒక ఇనుప కుర్చీ తెచ్చుకుని, పీటలకూ ఉగ్రాణానికీ సరిగ్గా నడుమ వేసుకుని, ఇటు తిరిగి కూర్చున్నాడు. ఉగ్రాణం తాళంచెవి మొలలో ఉంది. వంటవాళ్ళు నెయ్యి దాస్తారని ఆయన భయం.

తలంబ్రాలు మొదలయ్యాయి. ఆమె వచ్చింది. తెల్ల చీర కొంగుకు తడి చేతులు తుడుచుకుంటూ, తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. నేను ఫోకస్ రింగు ఆమె మీదికి తిప్పాను. ముఖం ఎంత స్పష్టంగా కనిపించిందో ఇప్పటికీ చెప్పగలను, ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు కూడా. ఆమె పిడికిలి మూసి ఉంది. అటూ ఇటూ చూసి, పిడికిలి తెరిచి, గుప్పెడు బియ్యపు గింజలు కూతురి వైపు విసిరింది. విసిరిందనడం ఎక్కువ, రాల్చింది. అవి గడప అవతల రెండడుగులు కూడా పోలేదు.

అప్పుడు మీట నొక్కాలి. నేను నొక్కలేదు. తల్లి స్పష్టంగా ఉంటే కూతురు మసకైపోతుందే, అడిగింది ఇద్దరినీ కదా అని రింగు కూతురి మీదికి తిప్పాను. తల్లి తెల్లటి పొగైపోయింది. మళ్ళీ తల్లి మీదికి, మళ్ళీ కూతురి మీదికి. చివరికి మా బజారు బుద్ధి పనిచేసింది. ఇద్దరు బేరగాళ్ళు పోట్లాడుకుంటే ఎవరి మాటా పోకుండా నడుమ ఖాయం చేయడం చిన్నప్పటినుంచీ చూస్తున్నాను కదా, రింగును సరిగ్గా మధ్యలో నిలిపి మీట నొక్కాను. రీలు తిప్పి ఇంకోటి తీద్దామనేసరికి, వెనక ఏదో అలికిడి విని పెద్దనాన్న తల తిప్పాడు. తలుపు మూసుకుంది.

మర్నాడు చీకటి గదిలో, ఎర్ర దీపం కింద, మందు నీళ్ళలో కాగితం మీద బొమ్మ తేలుతుంటే మొట్టమొదట తేలింది మీసం. ప్రతి వెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టంగా పెద్దనాన్న, చూపులో ఆ ఠీవి, మొలలో తాళంచెవి కూడా. ఆయనకు ఎడమ పక్క ఒక నల్లని మసక, అది పెళ్ళికూతురు. కుడి పక్క ఒక తెల్లని మసక, అది వాళ్ళమ్మ.

ఆ ఫోటో ఆయనకు విపరీతంగా నచ్చింది. దుకాణంలో గద్దె వెనక పెట్టుకోవడానికి పెద్దది చేయమన్నాడు. “ఇటు ఎవరో, అటు ఏందో మబ్బు లెక్క ఉన్నది. రెండు దిక్కులా తీసెయ్ భాయ్. మీసం మాత్రం కమాల్ వచ్చింది!” అని నా వీపు తట్టాడు. నేను ఎడమ పక్క పూర్తిగా కోసేశాను. కుడి పక్క ఎందుకో చెయ్యి రాలేదు, అంగుళం తెల్లటి మసక వదిలేశాను. నా జీవితంలో నేను మిగిల్చిన నిజం అంతే.

పదహారు రోజుల పండగకు వచ్చినప్పుడు పిల్ల మెట్లెక్కి వచ్చింది. రీలుకు వెలుతురు తగిలి, మీ పెద్దనాన్న ఫోటో ఒక్కటి తప్ప మొత్తం పాడైందని చెప్పాను. సిగ్గుతో చెప్పిన అబద్ధం, మేక అబద్ధం కంటే సులువుగా వచ్చింది. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. మరుసటి ఎండాకాలం వాళ్ళమ్మ పోయింది. కొన్నాళ్ళకు మామ పాత నెగెటివులన్నీ వెండి తీసేవాళ్ళకు ఇచ్చేశాడు, అందులో అదీ పోయింది. బాళగనూరు నుంచి సింధనూరు దాకా నేను తిరిగిన పెళ్ళిళ్ళన్నిటిలో మాత్రం ఈ కథ ఎన్నోసార్లు చెప్పాను. నేను చెప్పే కథలో కరెంటు పోదు, తల్లీకూతుళ్ళిద్దరూ అద్దంలా వస్తారు, ఎక్కడో బహుమతి కూడా వస్తుంది.

పోయిన నెలకు తిరిగి వస్తాను. కెమెరా ఆ పాతికేళ్ళవాడి చేతిలో పెట్టి, ఏ లెన్సయినా సరే నాయనా, దగ్గరికి వెళ్ళి ఆ తలుపులో ఉన్న ఆమెను తియ్యి అన్నాను. తీయమని చెప్పినవాళ్ళ పట్టీలో ఆమె లేదన్నాడు, పైగా పీటల దగ్గర పనుందన్నాడు. నేనే నడిచి వెళ్ళాను. ఆమె భర్త పోయి రెండేళ్ళయింది. బిడ్డ పక్కకు పోయి నిలబడు తల్లీ, ఈ రోజుల్లో ఎవరూ ఏమీ అనరు అన్నాను.

“ఎవరన్నరన్నా? నన్ను ఎవరేం అనలే. నేనే ఈడ నిలవడ్డ.” పీటల వైపే చూస్తూ అడిగింది: “ఒక మాట నిజం చెప్పు. ఆ దినం మా అమ్మ దర్వాజల కొచ్చిందా? పీటల మీదికెల్లి నేను వెనుకకు తిరగరాకపాయె. అడిగితే, నేనెందుకొస్త, పప్పు కాడ ఉన్న అన్నది. అందరి ముంగట అడిగితిని మరి.”

అప్పుడు మొత్తం చెప్పాను. పాడైంది రీలు కాదు నేనని, వచ్చిందని, నిలబడిందని, గాటున్న కనుబొమ్మతో సహా. పిడికిట్లో బియ్యం తెచ్చి గడప ముందు రాల్చిందని. మీ పెద్దనాన్న ఫోటోలో కుడి పక్క తెల్ల మరక ఉంటుంది చూడు, అది మీ అమ్మేనని.

“అది బూడిద అనుకున్నమన్నా,” అంది. “పుట్టింటికి వోయినప్పుడల్లా నేనే కొంగుతోని తుడుస్తుంటి, పోకపాయె. మొన్న పెద్దనాయన కొడుకులు ఆ ఫోటో కొత్తగ చేయించిన్రు. కంప్యూటర్ల ఆ మరక సాఫ్ చేసిన్రు.” తర్వాత నా వైపు తిరిగి, మెత్తగా, కోపమేమీ లేకుండా అంది: “బియ్యం గింజల సంగతి మంచిగున్నది. మేక లెక్కనే మంచిగ చెప్పినవన్నా.”

ఒట్టు పెట్టబోయి మానుకున్నాను. నా ఒట్లు ఆ బజారులో ఎన్ని నడిచాయో నాకే తెలుసు. ఇప్పుడు నా జేబులోని ఫోనుకు మూడు లెన్సులున్నాయి. అది చీకట్లోనూ చూస్తుంది, దగ్గరవాళ్ళూ దూరంవాళ్ళూ ఇద్దరూ కావాలంటే ఇద్దర్నీ స్పష్టంగా తీస్తుంది, నడుమ ఎవరైనా కూర్చుంటే వేలితో చెరిపేస్తుంది కూడా. నేనా రోజు గుమ్మం దగ్గర చెమటలు కారుస్తూ పడిన అవస్థ ఇవాళ చంటిపిల్లకు కూడా లేదు. అయినా ఫోను జేబులోంచి తీయాలనిపించలేదు. ఆమె తీయమనలేదు. తీసినా, పీటల మీది పిల్ల వెనక్కి తిరగదు.

మేళం హోరెత్తింది. తలంబ్రాలు మొదలయ్యాయి. ఆమె తలుపు చెక్క పట్టుకుని ఒక అడుగు ముందుకు జరిగింది. కుడి చెయ్యి పిడికిలి బిగించి ఉంది. అందులో ఏముందో నేను చూడలేదు. చూశానన్నా, చెప్పేది నేనే కదా.