తిప్పన్న పెద్దనాయిన దాచిన మూడు దెబ్బలు

ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆరు నెలల కింద వనపర్తి దవాఖానలో డాక్టరు ఒక ప్రశ్న అడిగినప్పుడు మా పెద్దనాయిన అబద్ధం చెప్పాడు. నిజం తెలిసిన నేను పక్కనే కూర్చొని ఉన్నాను. నోరు విప్పలేదు.

మొన్న మంగళవారం కర్నూలు నుంచి ఆయన కొడుకు మల్లేశన్న ఫోన్ చేశాడు. "నాయిన లేడు, చెల్లె" అన్నాడు. ఇంట్లో అందరూ ఏడుస్తుంటే నేను పాత డైరీ తీసి, నా పన్నెండో ఏట రాసుకున్న ఒక పేజీ వెతికాను. ఆ పేజీ లేకుంటే బాగుండుననుకున్నాను. ఉంది.

గద్వాల దగ్గరి మా గట్టు వైపు బండలాగుడు పందేలు చూసినవాళ్లకు తిప్పన్నను పరిచయం చేయనక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెబుతాను. గిత్తల జత కాడికి గొలుసుతో పెద్ద బండ కడతారు. ఇచ్చిన సమయంలో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్లది గెలుపు. గిత్తలతో పాటు మనుషులూ పరుగెత్తాలి. ముప్పై ఏళ్లు ఒక పక్క ఆయన, రెండో పక్క ఆయన తమ్ముడు, అంటే మా నాయిన ఈరన్న, అలా పరుగెత్తారు.

గిత్తలను పొడిచే ములుకోల ఆయన ఏనాడూ పట్టలేదు. ఒకసారి గెలవబోయే పందెంలో, సగం దూరంలో గొలుసు విప్పేశాడట. జనం గోల చేశారు. "ఏం తిప్పన్నా, ఎద్దుకు ఉలవలు పెట్టలేదా?" అని ఒకడు అరిచాడు. "పెట్టిన. నువ్వొచ్చి లాగు, నీకు గూడ పెడత" అన్నాడట ఈయన. ఎందుకు విప్పావని నేను అడిగితే, "ఎద్దు అలిసిందా లేదా దాని చెవులు చెప్తయి బిడ్డా. మనిషే చెప్పడు" అన్నాడు.

నా డైరీలో ఉన్నది ఆయన తల సంగతి. ఒక మధ్యాహ్నం రుమాలు విప్పి, నెత్తి మీది మచ్చలు నా వేలితో తడిమించి లెక్కపెట్టించాడు. మొదటిది, కాడి ఎగిరి కణతకు తగిలింది. రెండోది గిత్త కాలి దెబ్బ. మూడోసారి గొలుసు తెగి అన్నదమ్ములిద్దరూ వెల్లకిలా పడ్డారు, ఇద్దరి తలలూ నేలకు కొట్టుకున్నాయి. నాయిన కాసేపటికి లేచాడు. పెద్దనాయినకు పొద్దుమూకే దాకా సోయి లేదు.

"మల్ల?" అని అడిగాను.

"మల్లేంది? పసుపు పెట్టిరి, చాయ తాపిరి. ఎనిమిది దినాలకు ఇంకో పందెం."

ఆయనకు అవి గాయాలు కావు, బిరుదులు. మా ఊళ్లో అందరి లెక్కా అంతే. నెత్తురు ఆగితే దెబ్బ మానినట్టే.

అరవై దాటాక ముందు నడకలో ఆయన కుడిచెయ్యి ఊగడం మానింది, తర్వాత అడుగు చిన్నదైంది. వెనక్కి తిరగాలంటే ఎనిమిది, పది అడుగులు పట్టేవి. గడప ముందు పాదాలు నేలకు అతుక్కుపోయేవి. "ఏంది, కొత్తల్లుని లెక్క నిలవడ్డవు? హారతి తేవాల్నా?" అని పెద్దమ్మ నవ్వేది. ఆయనా నవ్వేవాడు. గొంతు నవ్వేది, ముఖం కదిలేది కాదు. ఆ ముఖం చూస్తే నాకు భయం వేసేది.

అయితే పలుపు చేతికి రాగానే, గిత్తల గంటలు మోగగానే, ఆయన వాటి అడుగులో అడుగు కలిపి మునుపటిలా నడిచేవాడు. అందుకే ఎవరూ నమ్మలేదు. "ఇంట్లకు రానీకె కాళ్లు రావు గాని, గిత్తల ఎనక పోనీకె వస్తయి. అన్నీ నాటకాలు" అన్నారు. తాగాడని కూడా అన్నారు.

చివరికి వనపర్తి దవాఖానకు తీసుకుపోయిన రోజు మల్లేశన్న చీటీ రాయించడానికి పోయాడు. లోపల మేమిద్దరమే. డాక్టరు ఆయనను నడిపించి చూసి, "పెద్దాయనా, వయసులో ఉన్నప్పుడు తలకు గట్టి దెబ్బలేమైనా తగిలినయా?" అని అడిగాడు. "నా తలకేమైంది సారూ, గుండు లెక్క ఉన్నది" అని ఈయన రుమాలు సవరించుకున్నాడు. డాక్టరు నా వైపు చూశాడు. "పాత దెబ్బలు కొందరికి ముసలితనంలో నడకలో బయటపడతయి. అందుకే అడుగుతున్న" అన్నాడు. పెద్దనాయిన నా మణికట్టు పట్టుకున్నాడు. నేను తల దించుకున్నాను.

బస్సులో కారణం చెప్పాడు. "పందేలతోనే నాకు గిట్లయిందని తెలిస్తె మల్లేశ్ గాడు గిత్తలను అమ్ముతడు బిడ్డా. గవి పోతె నా కాళ్లు పోయినట్టే." ఆ మాట నిజమేనని నాకు తోచింది. అందుకే ఇంటికి వచ్చాక కూడా చెప్పలేదు. ప్రేమతోనే ఊరుకున్నానని అప్పుడు అనుకున్నాను.

పోయిన నెలలో ఒక ఉదయం నీళ్లు తాగిన గిత్తలు తొట్టి దగ్గర గిర్రున మళ్లాయి. ఆయన మళ్లలేకపోయాడు. వెనక్కి పడ్డాడు. తొట్టి అంచు తలకు తగిలింది. నెత్తురు రాలేదు. "ఏం గాలే" అన్నాడు. ఏం కాలేదని మేమూ అనుకున్నాం. నాలుగో నాడు పిలిస్తే కళ్లు తెరవలేదు. గద్వాలకు, అక్కడి నుంచి కర్నూలుకు తీసుకుపోయారు. తలలో నెత్తురు నిండిందని, స్కానులో పాత దెబ్బల గుర్తులు కూడా కనబడ్డాయని అన్నారు. "పాత దెబ్బల సంగతి ముందే తెలిస్తే రోగం పోయేదని కాదు. పడకుండ జాగ్రత్తలు చెప్పేవాళ్లు. పడ్డ రోజే తీసుకొచ్చేవాళ్లు" అని అక్కడి డాక్టరు మల్లేశన్నతో అన్నాడు. మల్లేశన్న ఆ మాట నాకు చెబుతూ, "ఏ దెబ్బలే?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబే ఇది. మల్లేశన్న ముఖం చూస్తూ చెప్పలేను, అందుకే రాశాను. నోరు లేని జీవాల అలసటను చెవుల్లో చదివిన మనిషి మళ్లీ ఈ సీమకు రాడు. ఆయన పాదాలకు నమస్కరిస్తున్నాను. పందేల్లో పడి, దులుపుకొని లేచి, ఏం గాలేదంటున్న అన్నలారా, పడ్డ సంగతి ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

పడ్డ మరునాడు ఆయన నులకమంచం మీద పడుకొని, వాకిట్లో దొడ్డి వైపు పోతున్న మా నాయిననే చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను దగ్గరకు పిలిచి అన్న మాటలివి. మళ్లీ ఆయన నాతో మాట్లాడలేదు.

"మీ నాయిన కుడిచెయ్యి చూసినవా బిడ్డా? నడుస్తుంటె ఊగుతలేదు. వాణ్ణి దవాఖానకు తోల్కపో. వాడు గూడ నా లెక్కనే లేదంటడు. నువ్వు చెప్పు."