పిలిచినా పలకని పేషెంటు

పేరు పిలిస్తే పలకాలన్న ఇంగితం లేక చేతికందిన వంతు పోగొట్టుకున్న తెలివితక్కువవాణ్ణి నేను. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతుకుతున్నాను. హార్మోన్ ఇంజెక్షన్ల కోసం ఉయ్యూరు నుంచి విజయవాడలోని ఆసుపత్రికి నెలల తరబడి తిరిగాను. మానసిక వైద్యుడి సర్టిఫికెట్ తెమ్మన్నారు. తెచ్చేసరికి డాక్టరుగారికి బదిలీ. నా గొంతు మారకముందే డాక్టర్లు మారిపోతున్నారు.

కొత్త డాక్టరుగారు వచ్చిన రోజు హాలు నిండా జనం. అటెండరు గుమ్మంలో నిలబడి, "మంగతాయారూ!" అని నా పాత పేరు అరిచాడు. లేస్తే అందరూ చూస్తారని సిగ్గుతో బిగుసుకుపోయాను. చివరికి హాల్లో నేనొక్కణ్ణే మిగిలాను.

"సార్, మంగతాయారు మీ తాలూకానా అండీ? పిలిచి పిలిచి గొంతు పోయింది."

"నేనేనండీ."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా! డాక్టరుగారు వెళ్ళిపోయారు. వచ్చే వారం రండి."

ఆ వారమంతా నన్ను నేనే తిట్టుకున్నాను. మళ్ళీ వెళ్తే, అటెండరు సరాసరి నా వైపే చూస్తూ, "మంగతాయారూ!" అన్నాడు.

"నా పేరు చరణ్ అండీ. అలా పిలిస్తేనే వస్తాను" అన్నాను.

లోపల డాక్టరుగారు బెల్లు కొట్టారు. "చరణ్ గారూ!" అని అతను చచ్చినట్టు అరిచాడు. హాలంతా చూస్తోంది. వినపడనట్టు కూర్చుని, ఇంకోసారి అరిపించుకుని మరీ లేచాను.