పొడపత్రి వాటాలు

బరువు తగ్గితే తప్ప మోకాలు మార్చేది లేదన్నాడు డాక్టరు. నడవమన్నాడు. నడవగలిగితే నీ దగ్గరికి ఎందుకొస్తాను బాబూ అన్నాను. అయితే తిండి తగ్గించమన్నాడు. తెల్లారకుండా హార్బరుకి పోయి, వేలంపాటలో నలుగురితో అరిచి, చేపల టబ్బు ఆటోలోకి ఎక్కించి, మధురవాడలో అపార్ట్‌మెంటు గేటు ముందు ఎండ నెత్తికెక్కేదాకా కూర్చునే మనిషికి తగ్గించేంత తిండి ఎక్కడ దొరుకుతుందో ఆయనే చెప్పాలి. నేను తినేది చద్దన్నం, తాగేది టీ. ఆ టీలో పంచదార మాత్రం చేతికి అడ్డు లేకుండా పోస్తాను, అందులోకి బిస్కెట్లు ముంచుతాను, అది వేరే సంగతి. మొగుడు పోయినదాని నోట్లోంచి ఆ కాస్త తీపి కూడా లాగేసే చదువు ఇంకా పుట్టలేదనుకున్నాను. పుట్టిందని తరవాత తెలిసింది.

మొగుడంటే గుర్తొచ్చింది. జాలరిపేట వితంతువు అనగానే అందరూ సముద్రం వైపు చూసి నిట్టూరుస్తారు. మా ఆయన సముద్రంలో పోలేదు. అంత కష్టపడే మనిషి కాదు. సీసాతో, మంచం మీద, హాయిగా పోయాడు. పోతూ పోతూ నాకు వాళ్ళక్కని వదిలిపెట్టి పోయాడు. ఆవిడే మా వదిన. ఎముకలకి చీర చుట్టినట్టుంటుంది, నోరు మాత్రం హార్బరు సైరన్. మా వీధిలో పెళ్ళి దగ్గర్నుంచి కుళాయి తగువు దాకా ఏది తేలాలన్నా ఆవిడ అరుగు మీదే తేలాలి.

మోకాళ్ళు ఎంతదాకా వచ్చాయంటే, కింద కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. టబ్బు ముందు కూర్చోలేనిదానికి గేటు దగ్గర జాగా ఎవరు ఉంచుతారు? అమ్మా, నువ్వు ఇంట్లో కూర్చో, అన్నం మేం పెడతాం అని కూతురూ అల్లుడూ పెద్ద మనసు చేసుకున్నారు. అల్లుడి టీవీ ముందు, అల్లుడు పెట్టిన సీరియల్ చూస్తూ, అల్లుడు తెచ్చిన కూరగాయలు తింటూ బతకమని. ఆ మాట విన్న రోజే అనుకున్నాను, గడ్డి తినైనా సరే బరువు తగ్గాలని. దేవుడు విన్నట్టున్నాడు. గడ్డే పంపించాడు.

ఆ గడ్డి తెచ్చింది ఒక అమ్మాయి. మధురవాడలో మందుల కాలేజీలో పెద్ద చదువు చదువుతోంది, నా గేటు పక్క హాస్టల్లో ఉండేది. శ్రీకాకుళం వైపు రైతుల పిల్ల. ఒకరోజు నెత్తళ్ళు కొనడానికొచ్చి, నెత్తళ్ళని వదిలేసి నన్ను కింద నుంచి మీద దాకా చూసింది. మీ పేటలో మీలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారా అమ్మా అని అడిగింది. నా తూకం మంచిదని, నా నోరు మంచిదని మెచ్చుకుంటోంది కాబోలనుకుని, చాలామందిమి ఉన్నాం తల్లీ అని పొంగిపోయాను. తీరా చూస్తే ఆ పిల్లకి కావలసింది లావు ఆడవాళ్ళు.

మా వీధికొచ్చి అందరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఏజెన్సీ కొండల్లో పొడపత్రి అనే తీగ ఉంటుందట. పాతకాలం వాళ్ళు దాని ఆకు నమిలేవాళ్ళట. అది ఒంట్లో కొవ్వు తగ్గిస్తుందో లేదో మనుషుల మీద చూడాలట. మనుషులంటే మేం. కొందరికి ఎర్ర మూత డబ్బా, కొందరికి పచ్చ మూత డబ్బా. ఒకదాంట్లో ఆకు పొడి, రెండోదాంట్లో అదే రంగు కలిపిన ఉత్త పిండి. దేంట్లో ఏముందో మీకు తెలియకూడదు, నాకూ తెలియదు, మా సారు ఒక్కరికే తెలుసు అంది. మాకు ఇది కొత్త కాదు. నా పెళ్ళీ ఇలాగే కుదిరింది. నాకు తెలియదు, పిల్లాడికి తెలియదు, మా నాన్న ఒక్కడికే తెలుసు. డబ్బాలో పిండి వచ్చిందని తెలిసేసరికి మెళ్ళో పుస్తె పడింది.

ఎప్పుడూ తినేదే తినండి, తాగేదే తాగండి, ఎవరి డబ్బా వాళ్ళే వాడుకోండి అని ఆ పిల్ల మరీ మరీ చెప్పింది. అందరం తలూపి, చూపించిన చోట సంతకాలు పెట్టాం. సంచి భుజాన వేసుకుని ఎవరొచ్చినా తలూపడం మా పేటలో మర్యాద. తుఫాను చెప్పేవాళ్ళకీ ఊపుతాం, ఓట్లడిగేవాళ్ళకీ ఊపుతాం.

నాకు ఎర్ర మూత వచ్చింది. ఆ పొడి నాలిక మీద వేసుకున్నాను. చేదు. పోనీలే అని టీ తాగితే ఉప్పుటేరు నీళ్ళు కాచి ఇచ్చినట్టుంది. పంచదార పలుకులు నోట్లో వేసుకుంటే బీచ్ ఇసుక. నా నాలిక చచ్చిపోయిందని భయపడి ఆ పిల్లకి ఫోన్ చేయించాను. ఆకు గుణం ఏమో, కాసేపటికి పోతుందిలే అమ్మా అని, వెంటనే అయ్యో, నేను ఆ మాట అనకూడదు అని ఫోన్ పెట్టేసింది. అంత పెద్ద రహస్యం మా వీధిలో ఆ పూట టీ మరిగేదాకా నిలిచింది.

ఎర్ర మూత వాళ్ళందరికీ టీ చెడింది, పచ్చ మూత వాళ్ళకి చెడలేదు. ఇంకేముంది, అసలు మందు ఎవరిదో తేలిపోయింది. ఎర్ర మూత వాళ్ళం టీ గుటక వేసినప్పుడల్లా వీధంతా చూసేలా మొహం చిట్లించాం. నేను కాస్త ఎక్కువే చిట్లించాను, కాదనను. పచ్చ మూత వాళ్ళు కుళాయి దగ్గర మాతో మాటలు మానేశారు. ఒకావిడ బిందె కింద పెట్టి అడిగేసింది.

"అందరం ఒక్కపాలే సంతకాలెట్టినాం కదా. దానికి మందూ, నాకు సున్నిపిండీనా?"

బిందెలు గుద్దుకున్నాయి. కొప్పుల దాకా వెళ్ళేదే, వదిన అరుగు దిగింది.

మా పద్ధతి ఒకటి చెప్పాలి ఇక్కడ. పడవ ఒడ్డుకొస్తే చేపలన్నీ ఒకటే కుప్ప పోస్తారు. వేటకి పోయిన మనిషికి ఒక వాటా, పడవకి ఒక వాటా, వలకి ఒక వాటా. ఆ రోజు జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నవాడికీ ఎంతో కొంత వాటా. ఖరీదైన వంజరం నా చేతికి పడింది, నీ చేతికి చవక కవళ్ళు పడ్డాయి అనే మాట పడవ మీద ఉండదు. అన్నవాణ్ణి మళ్ళీ పడవ ఎక్కనివ్వరు.

వదిన అరుగు మీద నిలబడి ఆ మాటే అంది. "ఒలే, ఎవుడి సేతికి ఏటి పడ్డాదని ఒడ్డున సూసుకుంటామేటి? తెండి డబ్బాలన్నీ."

ఆ కాలేజీ గుంట కలపొద్దన్నాది కదా వదినా అన్నాను నేను.

"కొండోళ్ళ పిల్ల. దానికి వాటాలేటి తెల్సు? తే నీ డబ్బా."

శ్రీకాకుళం మైదానంలో వరి పండించే వాళ్ళ పిల్ల కొండోళ్ళ పిల్ల ఎలా అయిందో నేను అడగలేదు. సముద్రం కనిపించని ఊరు ఏదైనా వదినకి కొండే.

రొయ్యలు కడిగే పెద్ద బేసిను తెచ్చి, ఎర్రదీ పచ్చదీ అన్నీ అందులో గుమ్మరించి, వదిన మోచేతుల దాకా చేతులు పెట్టి కలిపింది. బేసిను కడిగే తెచ్చిందట. అయినా ఆ రోజు నుంచి మందు రొయ్య వాసనే. టీ గ్లాసుతో కొలిచి, ఎవరి డబ్బాలో వాళ్ళకి సమానంగా పోసి, ఎర్ర మూతకి ఎర్ర మూత, పచ్చ మూతకి పచ్చ మూత పెట్టి బిగించింది. ఆ పిల్ల మనసు కష్టపెట్టకూడదు కదా. తరవాత అరుగు వాటా ఒకటి, బేసిను వాటా ఒకటి తీసింది. అరుగు ఆవిడదే, బేసినూ ఆవిడదే. ఆవిడ ఒంట్లో తగ్గడానికి ఏముందని ఎవరూ అడగలేదు. వాటా అంటే వాటా. ఆ పిల్ల కొత్త డబ్బాలు ఇచ్చి వెళ్ళినప్పుడల్లా బేసిను బయటికొచ్చేది.

సగం మందైనా టీని చంపడానికి సరిపోయింది. వీధి వీధంతా టీ మానేసింది. టీ లేనప్పుడు బిస్కెట్లు దేంట్లో ముంచుతాం? అవీ పోయాయి. మూల మీద టీ బడ్డీ వాడు మాకేదో దయ్యం పట్టిందనుకుని గుమ్మానికి నిమ్మకాయలు కట్టాడు. నా రవిక వదులైంది. అద్దాన్నీ రవికనీ నేను నమ్మను గానీ, ఒకరోజు ఆటోవాడు వెనక సీట్లో నా పక్కన ఇంకో మనిషిని ఎక్కించుకున్నాడు. ఇన్నేళ్ళలో అలా ఎక్కించడం అదే మొదలు. ఆ పూట టబ్బు దించుతుంటే మోకాలు నొప్పి పెట్టింది కూడా నాకు గుర్తులేదు. డాక్టరు దగ్గరికి ఇంక ధైర్యంగా పోవచ్చనుకున్నాను.

ఆఖరి తూకం రోజు ఆ సారు కూడా వచ్చాడు. ఎండు చేపల వాసనకి ముక్కుకి రుమాలు కట్టుకుని, కమ్యూనిటీ హాల్లో ఫ్యాను కింద కూర్చున్నాడు. ఆ పిల్ల ఒక్కొక్కరినీ మిషను ఎక్కించింది. ఎర్ర మూతల వాళ్ళు తగ్గారు. ఆ పిల్ల మొహం వెలిగింది. పచ్చ మూతల వాళ్ళూ తగ్గారు. అంతే తగ్గారు. మొహం ఆరిపోయింది. సారు రుమాలు వెనక నుంచే తేల్చేశాడు: పిండి తిన్నవాళ్ళూ మందు తిన్నవాళ్ళూ ఒకేలా తగ్గారంటే ఆకులో పస లేదన్నమాట, ఇన్నాళ్ళ పనీ ఇంతే. ఆ పిల్ల పెన్ను మూత పెడుతోంది, తీస్తోంది, మళ్ళీ పెడుతోంది.

అప్పుడు మా వదిన చెప్పులు విడిచి మిషనెక్కింది.

మీరెందుకు ఎక్కారమ్మా, మీరు పరీక్షలో లేరు కదా అంది ఆ పిల్ల నీరసంగా.

"నాను తిన్లేదేటి? రెండు వాటాలు తిన్నాను. నాకు తూకం ఎయ్యవా?"

"ఏం వాటాలు?"

వదిన దాచుకునే మనిషి కాదు. కుప్ప ఎలా పోసిందీ, ఎలా కలిపిందీ, ఎవరికీ చిటికెడు తేడా రాకుండా ఎలా పంచిందీ మొత్తం చెప్పింది. బేసిను సంగతి కూడా చెప్పింది. అంతదాకా పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడే పిల్ల నోట్లోంచి దాని ఊరు బయటికొచ్చింది.

"ఓలమ్మ, ఏటి సేసినారమ్మా మీరు."

అని నేల మీద కూలబడింది. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోతే భుజాలు నవ్వుతున్నాయి, కళ్ళు ఏడుస్తున్నాయి. ఆకులో పస లేదన్న మాట పోయినందుకు నవ్వు, మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలని ఏడుపు కాబోలు. సారు రుమాలు తీసి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. తెలుగులో చెప్పింది ఒక్కటే: ఈ పేటలో తూచినదేదీ చెల్లదు.

నేను సారుకి అడ్డంగా నిలబడ్డాను. "బాబూ, నా ఒంట్లోంచి పోయినది కూడా సెల్లదేటి?"

"మందు వల్ల తగ్గినట్టు చెప్పలేమమ్మా."

"మందు మాట ఒగ్గీ బాబూ. తగ్గినట్టు సెప్పు, సాలు."

సారు రుమాలు మళ్ళీ ముక్కుకి కట్టుకుని కారెక్కాడు.

డాక్టరు దగ్గర మిషను ఎక్కేముందు చెప్పులు తీశాను, బొడ్లో తాళాలు, చిల్లర తీశాను, ఊపిరి కూడా కొంచెం తీశాను. అక్కడా చెల్లదంటే అల్లుడి టీవీయే గతి. ఆయన ముల్లు చూశాడు, పాత కాగితం చూశాడు, ఎలా తగ్గావని అడిగాడు. సెల్లని మందు తిన్నాను బాబూ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, ఆయన ముల్లుకి అర్థమైంది. కుడి మోకాలు ఇప్పుడు చేస్తాను, ఎడమది తరవాత, మళ్ళీ బరువు పెరిగితే మాత్రం రావొద్దు అన్నాడు.

మోకాలు చేయించుకుని మంచం మీద ఉన్నన్నాళ్ళూ మధురవాడ గేటు దగ్గర నా జాగాలో ఎవరు కూర్చున్నారో చెప్పక్కర్లేదు. వదిన నన్ను అడగలేదు, నేను పొమ్మనలేదు. కొనేవాళ్ళతో తగువు పెట్టుకుని, అమ్మినంత అమ్మి, సాయంత్రం నా వాటా తెచ్చి పొయ్యి పక్కన పెట్టేది. పడుకున్న మనిషికి వాటా ఉంటుంది కదా. మంచి చేపలు ఎప్పుడూ ఆవిడ వాటాలోకే ఎలా పోతాయో మాత్రం నాకిప్పటికీ తెలియదు. ఆ పిల్ల ఇప్పుడు అపార్ట్‌మెంట్ల వాళ్ళకి డబ్బాలు ఇస్తోందట. అక్కడ బాగా కుదురుతుందట. ఎదురు తలుపు వాళ్ళ మొహం కూడా తెలియని వాళ్ళు, మందు ఏం పంచుకుంటారు?

నన్ను లేపి నడిపించిన రోజు వదిన టీ పెట్టింది. పాత లెక్కన పంచదార గుమ్మరించి, గ్లాసు చేతికిచ్చి, తాగు, ఆ గుంట ఇక్కడ లేదులే అంది. ఎన్నాళ్ళకో తీపి. ప్రాణం లేచొచ్చింది. కానీ ఎడమ మోకాలు ఇంకా నాతోనే ఉంది. సగం తాగి గ్లాసు ఆవిడ చేతిలో పెట్టాను.

"ఏటిది?"

"నీ అరుగు వాటా, వదినా."

తాగింది. పంచదార ఎక్కువైందని నన్నే తిట్టింది.